డీఎన్ఏ మెలిక విప్పకుండానే ప్రోటీన్ అక్షరాలు ఎట్టా చదువుతుంది? సెమినార్‌కి సాయం కావాలి

చిగురు_బయో · నెల్లూరు

అందరికీ నమస్తే. నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. త్వరలో సెమినార్ ఉంది. టాపిక్: ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (జీన్లని ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్లు) డీఎన్ఏని ఎలా పట్టుకుంటాయి. హెలిక్స్-టర్న్-హెలిక్స్, జింక్ ఫింగర్, లూసిన్ జిప్పర్, హోమియోడొమైన్ అని వాటి ఆకారాల పేర్లన్నీ కంఠతా వచ్చాయి, బొమ్మలు కూడా గీయగలను. కానీ ఎవరైనా లేచి ఒక్క ప్రశ్న అడిగితే నోరు పెగలదు.

నా డౌట్ ఇది. ఏ, టీ, జీ, సీ అక్షరాలు మెలిక లోపల ఒకదానితో ఒకటి జత కట్టుకుని ఉంటాయి కదా. హైడ్రోజన్ బంధాలన్నీ ఆ జతలకే సరిపోతాయి. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడైతే హెలికేజ్ వచ్చి రెండు పోగుల్నీ విడదీస్తుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మాత్రం విడదీయదంటున్నారు. మరి బయట నిలబడి లోపలి అక్షరం ఏదో దానికి ఎట్టా తెలుస్తుంది? ఇంకోటి, పని ఒకటే అయినప్పుడు ఇన్ని రకాల ఆకారాలు ఎందుకు?

గూగుల్ చేసుకో అని మాత్రం అనొద్దు. చూసే వచ్చాను 🙂

పాఠం_మేడం · ఒంగోలు

సరైన చోటే ఆగావమ్మా. పుస్తకాల్లో డీఎన్ఏని చదునుగా గీస్తారు, అందుకే ఈ తికమక. జత కట్టడానికి ప్రతి బేస్ (నువ్వన్న అక్షరం) వాడేది దాని ఒక అంచునే. మిగతా అంచులు గాడుల్లోకి తెరుచుకునే ఉంటాయి. మెలిక వెంట రెండు గాడులు నడుస్తాయి: పెద్ద గాడి వెడల్పు సుమారు 22 ఆంగ్‌స్ట్రామ్‌లు, చిన్న గాడిది సుమారు 12.

పెద్ద గాడిలోకి తొంగి చూస్తే ఏ-టీ జత దగ్గర వరసగా కనిపించేవి: హైడ్రోజన్ బంధాన్ని అందుకునే చోటు, ఇచ్చే చోటు, మళ్ళీ అందుకునే చోటు, చివర థైమిన్ మీద మిథైల్ గుంపు. జీ-సీ జత దగ్గర అందుకునేవి రెండు, తర్వాత ఇచ్చేది ఒకటి, చివర మామూలు హైడ్రోజన్. టీ-ఏ, సీ-జీ జతల్లో ఇవే తిరగబడి వస్తాయి. అంటే నాలుగు జతలకీ నాలుగు వేరు వేరు వరసలు. జత విప్పే పనే లేదు, అంచు చూస్తే చాలు.

చిన్న గాడిలో ఆ సౌకర్యం లేదు. అక్కడ ఏ-టీకీ టీ-ఏకీ తేడా తెలియదు, జీ-సీకీ సీ-జీకీ తేడా తెలియదు. జీ మీద ఉన్న ఒక అమైనో గుంపు వల్ల ఇది ఏ-టీ రకమా, జీ-సీ రకమా అన్నంతవరకే తెలుస్తుంది. ఈ సంగతంతా సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ 1976లోనే కాగితం మీద లెక్కగట్టి చెప్పారు. అప్పటికి డీఎన్ఏని పట్టుకుని ఉన్న రెప్రెసర్ (జీన్‌ని ఆపి ఉంచే ప్రోటీన్) నిర్మాణం ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా అందమైన భాగం అదే. సెమినార్‌లో అక్కడి నుంచే మొదలుపెట్టు.

నిమ్మతోట_పొదలకూరు · పొదలకూరు

మేడం, నేను అప్పుడెప్పుడో బీఎస్సీ చదివి వ్యవసాయంలో పడ్డాను. అర్థమైందో లేదో చూడండి. మూట కుట్టు విప్పకుండా గోతం పైనుంచే తడిమి, లోపల ఉండేది వడ్లా మినుములా చెప్పినట్టు. అంతేనా?

పాఠం_మేడం · ఒంగోలు

తడమడం వరకూ అంతే బాబాయ్. కాకపోతే ఇక్కడ గోతం కూడా గమ్మున ఉండదు, తడిమే చేతికి తగ్గట్టు వంగుతుంది. ఆ సంగతి పెన్నాతీరం గారు వస్తే చెప్తారు, వాళ్ళ పని అదే.

పెన్నాతీరం · హైదరాబాద్ (ఊరు కోవూరు)

వచ్చేశా మేడం. ల్యాబ్‌లో ఎక్స్-రే డేటా రన్ అవుతుంటే ఇది రాస్తున్నా.

మేడం డీఎన్ఏ వైపు నుంచి చెప్పారు, నేను ప్రోటీన్ వైపు నుంచి చెప్తా. ఆల్ఫా హెలిక్స్‌ని, అంటే ప్రోటీన్‌లో స్ప్రింగులా చుట్టుకున్న ముక్కని, దాని పక్క గొలుసులతో కలిపి కొలిస్తే మందం దాదాపు పెద్ద గాడిలో ఇమిడేంత ఉంటుంది. చిన్న గాడిలో అది మామూలుగా పట్టదు. అందుకే తెలిసిన ఫ్యాక్టర్లలో ఎక్కువ భాగం ఒక హెలిక్స్‌ని పెద్ద గాడిలోకి దింపుతాయి. దాన్నే రికగ్నిషన్ హెలిక్స్ అంటాం.

ఒక్క చోట దగ్గరగా చూడు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పక్క గొలుసు చివర గ్వానిడినియం అనే చదునైన గుంపు ఉంటుంది. దానిలోంచి రెండు ఎన్‌హెచ్‌లు పక్కపక్కనే ముందుకు చాచి ఉంటాయి. గ్వానిన్ అంచు మీద అందుకునే చోట్లు రెండు ఉన్నాయి, ఎన్7, ఓ6 అనే పరమాణువులు. రెంటికి రెండూ సరిగ్గా ఎదురెదురుగా పడతాయి. అదే ఆర్జినిన్ అడినిన్ ముందుకొస్తే, ఓ6 ఉండాల్సిన చోట ఇంకో ఎన్‌హెచ్2 ఉంటుంది. ఇచ్చేవాడికి ఇచ్చేవాడే ఎదురైతే బంధం ఎక్కడిది? అడినిన్‌కి ఆస్పరజిన్ గానీ గ్లూటమిన్ గానీ కుదురుతుంది, వాటి చివర ఒకటి ఇచ్చేది, ఒకటి అందుకునేది.

కానీ అసలు విషయం ఆ ఆర్జినిన్‌ని అక్కడికి తెచ్చి నిలబెట్టేది ఎవరన్నది. విడిగా ఆ చిన్న హెలిక్స్ ముక్కని తీసుకుని డీఎన్ఏ ఉన్న నీళ్ళలో వేస్తే మామూలుగా నిలవదు, హెలిక్స్‌గానే ఉండదు. దాన్ని పట్టి ఉంచే మిగతా మడత కావాలి. హెలిక్స్-టర్న్-హెలిక్స్‌లో రెండో హెలిక్స్ గాడిలోకి పోతుంది, మొదటిది దాని మీద అడ్డంగా కూర్చుని కోణం జారకుండా చూస్తుంది. క్రో, క్యాప్ అనే రెండు బాక్టీరియా ప్రోటీన్లలో 1981లో ఈ మడత బయటపడింది, మరుసటేడు లాంబ్డా రెప్రెసర్‌లో కూడా అదే. మూడూ వేరు వేరు ల్యాబ్‌లు, వేరు వేరు ప్రోటీన్లు.

నీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. గాడిలోకి పోయే హెలిక్స్ ఒకటే, దాన్ని నిలబెట్టే పద్ధతులే చాలా. జింక్ ఫింగర్‌ది సుమారు 30 అమైనో ఆమ్లాల చిన్న ముక్క. అంత చిన్నది తనంతట తాను మడతలో నిలవలేదు. రెండు సిస్టీన్‌లు, రెండు హిస్టిడిన్‌లు కలిసి ఒక జింక్ అయాన్‌ని పట్టుకుంటే నిలుస్తుంది. జింక్ డీఎన్ఏని తాకనే తాకదు.

కోడ్_కావలి · బెంగళూరు (ఊరు కావలి)

సాఫ్ట్‌వేర్‌వాణ్ణి, తప్పుగా అనుకోవద్దు. ఆర్జినిన్ అంటే జీ, ఆస్పరజిన్ అంటే ఏ. అయితే పని సులువు కదా? 20 అమైనో ఆమ్లాలు, నాలుగు అక్షరాలు. ఒక టేబుల్ వేసుకుంటే ఏ ప్రోటీన్ ఎక్కడ అతుక్కుంటుందో సీక్వెన్స్ చూసి చెప్పేయొచ్చు. ఇంకా ఎక్స్-రేలు, క్రిస్టల్స్ అని ఈ తిప్పలెందుకు?

పెన్నాతీరం · హైదరాబాద్

ఈ ఆశ అందరికీ ఉండేది కావలి. నిర్మాణాలు నాలుగు వచ్చేసరికే ఆవిరైంది. బ్రయాన్ మాథ్యూస్ 1988లోనే నేచర్‌లో తేల్చి రాశాడు, ఇలాంటి కోడ్ లేదని. నువ్వన్న టేబుల్ ఒక మొగ్గు మాత్రమే. అదే ఆర్జినిన్ ఇంకో మడతలో కొద్దిగా పక్కకి తిరిగితే గ్వానిన్‌ని వదిలేసి డీఎన్ఏ పోగు బయటి ఫాస్ఫేట్ వెన్నుని పట్టుకుంటుంది. అక్కడ అక్షరంతో పనే లేదు.

పాల్ సిగ్లర్ బృందం 1988లో ట్రిప్ రెప్రెసర్‌ని డీఎన్ఏతో కలిపి చూపించినప్పుడు జనం ముక్కున వేలేసుకున్నారు. ప్రోటీన్‌కీ బేస్‌లకీ మధ్య నేరుగా ఉండాల్సిన బంధాలు దాదాపు లేవు. మధ్యలో నీటి అణువులు, చుట్టూ ఫాస్ఫేట్‌లు. ఆ వరస ఉన్న డీఎన్ఏ మాత్రమే ప్రోటీన్ కోరిన తీరులో తేలిగ్గా వంగుతుంది, అందుకే అక్కడ కూర్చుంటుంది. అక్షరాన్ని చదవకుండా అక్షరాల వల్ల వచ్చే వంపుని చదవడం అన్నమాట.

ఇంకో సంగతి. ఇది జంటగా పనిచేసే ప్రోటీన్. జంటలో ఒకదాని రికగ్నిషన్ హెలిక్స్‌కీ రెండోదానికీ మధ్య దూరం డీఎన్ఏ ఒక చుట్టుకి సరిపోవాలి, అంటే సుమారు 34 ఆంగ్‌స్ట్రామ్‌లు. ట్రిప్టోఫాన్ అనే చిన్న అణువు వచ్చి ప్రోటీన్‌లో దూరితేనే హెలిక్స్‌లు ఆ దూరానికీ కోణానికీ సర్దుకుంటాయి. లేకపోతే లోపలికి వాలిపోయి గాడిలో పడవు. అమైనో ఆమ్లాల వరస అదే, చదివే హెలిక్స్ అదే, పని మాత్రం జరగదు. టేబుల్‌లో దీన్ని ఏ గడిలో రాస్తావ్?

కోడ్_కావలి · బెంగళూరు

సరే టేబుల్ వదిలేశా 😀 ఇంకో డౌట్. మనిషిలో 300 కోట్ల అక్షరాలు. ప్రోటీన్ గుర్తుపట్టేది ఆరో ఎనిమిదో. ఆరు అక్షరాల మాట 4,096కి ఒకసారి వచ్చే చాన్స్ ఉంటే, మొత్తం మీద ఏడు లక్షల చోట్ల తగలాలి. అన్ని చోట్లా అతుక్కుంటే ఏ జీన్ ఆన్ చేయాలో దానికెట్టా తెలుస్తుంది?

పాఠం_మేడం · ఒంగోలు

లెక్క కరెక్టే. అందుకే ఏ ఒక్కటీ ఒంటరిగా పనిచేయదు. కొన్ని జంటగా కూర్చుని రెండు సగాలు చదువుతాయి. లూసిన్ జిప్పర్ చేసే పనే అది. ప్రతి ఏడో చోట లూసిన్ ఉన్న రెండు హెలిక్స్‌లు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, కింద రెండు కాళ్ళు చెరో వైపు పెద్ద గాడిలో దిగుతాయి. జింక్ ఫింగర్లయితే వరసగా కట్టుకుని పొడుగు మాట చదువుతాయి. పావ్‌లెటిచ్, పాబో 1991లో చూపించిన జిఫ్268లో మూడు ఫింగర్లు, ఒక్కోటి దాదాపు మూడేసి అక్షరాలు, మొత్తం తొమ్మిది. పైగా మన కణాల్లో డీఎన్ఏ చాలాభాగం హిస్టోన్‌లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, చుట్టకి 147 జతలు. అన్ని చోట్లూ అందుబాటులో ఉండవు.

పెన్నాతీరం · హైదరాబాద్

మేడం మాటకి చిన్న చేర్పు. వెతకడం కూడా నిర్మాణంతోనే నడుస్తుంది. లాక్ రెప్రెసర్ అనే బాక్టీరియా ప్రోటీన్ తన చోటుని ఊహించినదానికన్నా ఎంతో వేగంగా పట్టుకుంటుందని 1970లోనే చూశారు. ముందు ఎక్కడో ఒక చోట ఫాస్ఫేట్ వెన్నుకి వదులుగా అంటుకుని, గాడి వెంట జారుతూ పోతుందని తర్వాత తేలింది. బతికున్న బాక్టీరియాలోనే ఒక్కొక్క అణువునీ చూస్తూ 2007లో కొలిచారు కూడా. జారేటప్పుడు దానిలో హింజ్ అనే ముక్కకి ఆకారమే ఉండదు. సరైన చోటు తగలగానే అదే ముక్క హెలిక్స్‌గా మడిచి, చిన్న గాడిలోకి లూసిన్‌లని దూర్చి డీఎన్ఏని వంచేస్తుంది. వదులుగా ఉన్నప్పుడు ఒక ఆకారం, బిగిసినప్పుడు ఇంకోటి. రెండూ లేకపోతే, వెతుకుతూ వేగంగా పోవడం, దొరికాక గట్టిగా నిలవడం ఒకే ప్రోటీన్‌కి కుదరవు.

దర్శి_వరి · దర్శి

నేను ఏజీ బీఎస్సీ, ఇప్పుడు విత్తనాల పని. మీరు కోడ్ లేదని కొట్టిపారేశారు గానీ, ఒకచోట కోడ్ ఉంది. అదీ మన వరి పొలంలోనే.

ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియా జాంథోమోనాస్ ఒరైజే. ఇది ఆకులో దూరాక సూదిలాంటి నిర్మాణంతో తన ప్రోటీన్లని వరి కణంలోకి ఎక్కిస్తుంది. వాటిలో టాల్ ఎఫెక్టర్లు అనే రకం నేరుగా వరి కేంద్రకంలోకి పోయి, వరి డీఎన్ఏ మీద కూర్చుని, వరి జీన్‌నే ఆన్ చేస్తాయి. పరాయివాడి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అన్నమాట! దాని మధ్యభాగం దాదాపు 34 అమైనో ఆమ్లాల ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు ఉంటుంది. ముక్కకీ ముక్కకీ తేడా ముఖ్యంగా 12, 13 స్థానాల్లోనే. 2009లో రెండు బృందాలు వేర్వేరుగా కనిపెట్టాయి: ఆ రెండు స్థానాల్లో హిస్టిడిన్-ఆస్పార్టిక్ ఉంటే సీ, ఆస్పరజిన్-ఐసోల్యూసిన్ ఉంటే ఏ, ఆస్పరజిన్-గ్లైసిన్ ఉంటే టీ, ఆస్పరజిన్-ఆస్పరజిన్ ఉంటే జీ (ఏ కూడా కావచ్చు). ఒక ముక్కకి ఒక అక్షరం. కావలి బ్రదర్ అడిగిన టేబుల్ ఇదే.

కోడ్_కావలి · బెంగళూరు

చూశారా! బాక్టీరియా మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్.

చిగురు_బయో · నెల్లూరు

ఒక్క నిమిషం. జింక్ ఫింగర్‌కి లేని కోడ్ దీనికి ఎట్టా వచ్చింది? పెన్నాతీరం అన్నా, ఇది కూడా నిర్మాణం వల్లేనా?

పెన్నాతీరం · హైదరాబాద్

నూటికి నూరుపాళ్ళు నిర్మాణం వల్లే, దర్శి గారు మంచి ఉదాహరణ తెచ్చారు. 2012లో రెండు నిర్మాణాలు వచ్చాయి. అందులో ఒకటి వరి బాక్టీరియాదే, పీటీహెచ్ఎక్స్ఓ1, డీఎన్ఏతో కలిపి. పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్) 3యూజీఎమ్ అని కొట్టి తెరువు. ప్రతి ముక్కా రెండు హెలిక్స్‌లు, వాటి మధ్య ఒక లూప్. ముక్కలన్నీ వరసగా పేర్చుకుంటూ పోతే ప్రోటీన్ మొత్తం డీఎన్ఏ చుట్టూ, పెద్ద గాడి వెంటే చుట్టుకుంటుంది. ప్రతి లూప్ ఒక్కో అక్షరం ముందు, దాదాపు ఒకే దూరంలో, ఒకే కోణంలో నిలుస్తుంది.

లూప్ కొసన ఉండే 13వ అమైనో ఆమ్లమే అక్షరాన్ని తాకేది. 12వది తాకదు, వెనక్కి తిరిగి తన ముక్క మొదటి హెలిక్స్‌ని పట్టుకుని లూప్ కదలకుండా ఆపుతుంది. టీ దగ్గర చూడు. 13లో గ్లైసిన్, పక్క గొలుసే లేదు. థైమిన్ మిథైల్ గుంపు పట్టడానికి ఆ ఖాళీయే కావాలి. సీ దగ్గర ఆస్పార్టిక్ ఆమ్లం ఆక్సిజన్ సైటోసిన్ అమైనో గుంపుతో బంధం కడుతుంది.

జింక్ ఫింగర్ హెలిక్స్ మీద మూడు నాలుగు అమైనో ఆమ్లాలు కలిసి మూడు అక్షరాలు చదువుతాయి, పక్క ఫింగర్ వాలిన తీరు కూడా కలుస్తుంది. ఒకటి మారిస్తే పక్కది కూడా తేడా కొడుతుంది. టాల్‌లో ముక్కలు దాదాపు విడివిడిగా పనిచేస్తాయి. కోడ్ ఉండడం, లేకపోవడం ఆ మడత ఇచ్చిన వరమే తప్ప అమైనో ఆమ్లాల సొంత గుణం కాదు. సెమినార్‌లో ఒక్క స్లైడ్ పెట్టగలిగితే జిఫ్268, 3యూజీఎమ్ పక్కపక్కన పెట్టు, నాలుగు బొమ్మల కంటే అది మేలు.

దర్గామిట్ట_డాక్టర్ · నెల్లూరు

పాథాలజీ నుంచి ఒక మాట. మనిషి దగ్గర దీని విలువ తెలియాలంటే పీ53 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ని చూడాలి, అది క్యాన్సర్ రాకుండా అడ్డుపడే ప్రోటీన్. క్యాన్సర్లలో సుమారు సగానికి ఈ జీన్‌లో మార్పు ఉంటుంది. ఆ మార్పులు ప్రోటీన్ అంతటా సమానంగా రావు. ఎక్కువ భాగం డీఎన్ఏని పట్టే మధ్య భాగంలోనే, అందులోనూ కొన్ని చోట్లే మళ్ళీ మళ్ళీ.

248, 273 స్థానాల్లో ఉండేవి ఆర్జినిన్‌లు. 1994లో నిర్మాణం వచ్చినప్పుడు చూస్తే 248 చిన్న గాడిలోకి చాచి ఉంది, 273 వెన్నులో ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉంది. ఇవి పోతే పట్టు పోతుంది, అది ఎవరికైనా అర్థమవుతుంది. 175 కూడా ఆర్జినినే, అంతే తరచుగా మారుతుంది, కానీ అది డీఎన్ఏకి దూరం. జింక్ ఉండే చోటు పక్కన నిలబడి లూప్‌లని పట్టి ఉంచుతుంది. అది హిస్టిడిన్ అయితే మడతే సడలిపోతుంది. పీ53 అసలే నాజూకు ప్రోటీన్, ఒంటి వేడికి కొద్ది డిగ్రీలు పైన చాలు, మధ్య భాగం విడిపోవడం మొదలు. బయాప్సీ రిపోర్టులో రెండిటికీ ఒకే మాట రాస్తాం, పీ53 మ్యుటేషన్ అని. మందులు వెతికేవాళ్ళకి మాత్రం రెండూ ఒకటి కాదు. మడత సడలినదాన్ని బిగించే మందు పనిచేయొచ్చు, తాకే వేలే పోయినదానికి బిగించి ఏం లాభం? 220లో టైరోసిన్ పోయి సిస్టీన్ వస్తే ప్రోటీన్ మీద చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో దూరి మడతని నిలబెట్టే అణువులు ఇప్పటికే రోగుల మీద పరీక్షల్లో ఉన్నాయి.

పాఠం_మేడం · ఒంగోలు

ఇంతవరకూ అందరం ఆకారం, ఆకారం అంటున్నాం. నాకు ఒక అభ్యంతరం ఉంది. లూసిన్ జిప్పర్‌లో డీఎన్ఏని తాకే భాగానికి విడిగా ఉన్నప్పుడు స్థిరమైన ఆకారమే లేదు. డీఎన్ఏ తగిలాకే హెలిక్స్ అవుతుంది. 2020లో ఈస్ట్‌లో ఎంఎస్ఎన్2, వైఏపీ1 అనే ఫ్యాక్టర్ల మీద చేసిన పనిలో, డీఎన్ఏని పట్టే మడతకి బయట ఉన్న, ఏ ఆకారమూ లేని పొడుగు తోకలే ఏ ప్రమోటర్ (జీన్ ముందరి డీఎన్ఏ భాగం) దగ్గరికి పోవాలో చాలావరకు నిర్ణయిస్తున్నాయని చూపించారు. మరి నిర్మాణమే అన్నీ నిర్ణయిస్తుంది అంటే ఎలా?

పెన్నాతీరం · హైదరాబాద్

ఆకారం లేకపోవడం కూడా నిర్మాణం గురించిన సమాచారమే అంటాను నేను. మీరు ఒప్పుకోరని తెలుసు 🙂 నా అభిప్రాయం ఇది: ఏ అక్షరాలు చదవాలన్నది మడత చూసుకుంటుంది, ఆ అక్షరాలున్న వేల చోట్లలో ఎక్కడ మకాం వేయాలన్నదాంట్లో తోకలకి వాటా ఉంది. సెమినార్‌లో మొదటిది ధైర్యంగా చెప్పొచ్చు, రెండోది ఇంకా వాదన నడుస్తున్న విషయం.

పాఠం_మేడం · ఒంగోలు

వాటా అనడం తక్కువ చేయడమే. అయినా పిల్ల సెమినార్ ఉంది, వదిలేస్తున్నా.

కోడ్_కావలి · బెంగళూరు

ఇదంతా ఆల్ఫాఫోల్డ్ 3 అనే ఏఐ ప్రోగ్రామ్‌కి ఇచ్చేస్తే సరిపోదా? 2024లో వచ్చింది, ప్రోటీన్, డీఎన్ఏ రెండూ ఇస్తే కలిపి చూపిస్తుంది.

పెన్నాతీరం · హైదరాబాద్

నేనూ వాడతా, రోజూ. మడత బాగా చెప్తుంది. కానీ ఒక అక్షరం మారిస్తే పట్టు ఎంత తగ్గుతుందో దాని బొమ్మ చూసి చెప్పలేం, తప్పు వరస ఇచ్చినా అందంగా కూర్చోబెట్టి చూపించగలదు. ట్యూబులో కొలవాల్సిందే.

నిమ్మతోట_పొదలకూరు · పొదలకూరు

దర్శి తమ్ముడూ, జాంథోమోనాస్ పేరు చూసి ఉలిక్కిపడ్డా. మా నిమ్మకి గజ్జి తెగులు తెచ్చేది కూడా అదేనని అగ్రికల్చర్ వాళ్ళు చెప్తుంటారు. కాయ మీద గజ్జి మచ్చ పడితే మార్కెట్‌లో రేటు సగానికి కోస్తారు. ఆ వరి బాక్టీరియా చేసే పనే ఇది కూడా చేస్తుందా?

దర్శి_వరి · దర్శి

వంశం ఒకటే బాబాయ్, జాతి వేరు. నిమ్మది జాంథోమోనాస్ సిట్రి. పద్ధతి మాత్రం అచ్చంగా అదే. దాని టాల్ ప్రోటీన్ పీటీహెచ్ఏ4 నిమ్మ జాతుల్లో ఎల్ఓబీ1 అనే జీన్ ముందర కూర్చుని దాన్ని లేపుతుంది. ఎల్ఓబీ1 కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే! అంటే పరాయి ఫ్యాక్టర్ వచ్చి ఇంటి ఫ్యాక్టర్‌ని లేపితే, అది ఇంకొన్ని జీన్లని లేపుతుంది. కణాలు ఉబ్బి ఆకు చర్మం పగులుతుంది. మీకు చేతికి గరుగ్గా తగిలే గజ్జి అదే. అందులోంచి బాక్టీరియా వానకి బయటికొచ్చి పక్క ఆకుకి పాకుతుంది.

వరిలో లేపేది ఇంకో రకం. పీటీహెచ్ఎక్స్ఓ1 పోయి స్వీట్11 అనే జీన్‌ని లేపుతుంది. స్వీట్ ప్రోటీన్లు కణంలోంచి చక్కెరని బయటికి వదులుతాయి, బాక్టీరియా ఉండేది అక్కడే. భోజనం పెట్టించుకుంటుంది.

చిగురు_బయో · నెల్లూరు

అయితే ఆ అక్షరాలు మార్చేస్తే? బాక్టీరియా ప్రోటీన్ చదివే చోటే లేకుండా పోతే?

దర్శి_వరి · దర్శి

అదే జరిగింది, ఏ ల్యాబూ చేయకముందే. ఎక్స్ఏ13 అనే, తెగులుని తట్టుకునే జీన్ అదే. స్వీట్11 ముందర పీటీహెచ్ఎక్స్ఓ1 కూర్చునే చోట అక్షరాలు తేడాగా ఉంటాయి, అది కూర్చోలేదు. జీన్ మాత్రం బాగానే ఉంటుంది. అది ముఖ్యం, ఎందుకంటే పుప్పొడి తయారీకి ఆ జీన్ కావాలి, మొత్తానికి తీసేస్తే గింజ పట్టదు. రెండు కాపీల్లోనూ అక్షరాలు మారి ఉండాలి. ఒక్క కాపీ మామూలుదైనా చక్కెర బయటికి పోతుంది. అందుకే అది రిసెసివ్.

ఎక్స్ఏ5 ఇంకా చిత్రం. అక్కడ డీఎన్ఏ మారలేదు, వరి సొంత ప్రోటీన్ మారింది. టీఎఫ్2ఏ అనే సాధారణ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో గామా ముక్క, 39వ చోట వాలిన్ పోయి గ్లూటమిక్ ఆమ్లం. టాల్ ప్రోటీన్ డీఎన్ఏ మీద కూర్చున్నా, పనిలోకి దించాల్సిన వరి యంత్రాంగంతో చెయ్యి కలవదు.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి సాంబ మసూరిలోకి ఈ రెండూ, వీటితో పాటు ఎక్స్ఏ21నీ మామూలు క్రాసింగ్‌తోనే మార్కర్ల సాయంతో ఎక్కించాయి. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది. ఎక్స్ఏ21 మాత్రం ఈ చర్చలోది కాదు, అది కణం పొర మీద కాపలా కాసే ప్రోటీన్. సాగర్ కాలవ కింద బీపీటీ (సాంబ మసూరే) వేసే రైతుకి ఈ పేర్లతో పని లేదు, ఆకు కొస ఎండకపోతే చాలు.

పెన్నా_మాగాణి · సంగం

ఆ సాంబ మసూరి షుగర్ ఉన్నోళ్ళు తినొచ్చంటున్నారు, నిజమేనా? మా అమ్మకి షుగర్. విత్తనం ఎక్కడ దొరుకుద్ది?

మోడరేటర్

పెన్నా_మాగాణి గారూ, మంచి ప్రశ్నే, ఇక్కడైతే మరుగున పడిపోతుంది. వ్యవసాయం విభాగంలో కొత్త టాపిక్ తెరవండి, దర్శి గారిని అక్కడికి పిలుస్తాను.

దర్శి_వరి · దర్శి

వస్తా. ఈలోగా చెల్లికి ఒక స్లైడ్. 2025 మే నెలలో మన దేశంలో జీన్ ఎడిటింగ్ చేసిన రెండు వరి రకాలు ప్రకటించారు. ఒకటి సాంబ మసూరి నుంచి, ఇంకోటి మన కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010 నుంచి. ఈ రెండో దాంట్లో ఎడిట్ చేసిన జీన్ డీఎస్‌టీ. అది జింక్ ఫింగర్ ప్రోటీన్. మామూలుగా ఆకు రంధ్రాలు మూసుకోకుండా అడ్డుపడుతుంది. అది పనిచేయకపోతే రంధ్రాలు తొందరగా మూసుకుని, మొక్క కరువునీ ఉప్పునీ తట్టుకుంటుంది. సముద్రం అంచున ఉప్పు తేలే మన మాగాణులకి ఇది వినాల్సిన కబురు.

చిగురు_బయో · నెల్లూరు

అందరికీ చాలా థ్యాంక్స్. స్లైడ్లు మొత్తం మార్చేస్తున్నా: ముందు 1976 లెక్క, తర్వాత ఆర్జినిన్-గ్వానిన్ ఒక్కటి పెద్దగా, తర్వాత జిఫ్268 పక్కన 3యూజీఎమ్, చివర ఎక్స్ఏ13, పీ53. చిన్న గాడి వాడుకునే ఫ్యాక్టర్ ఒకటి కావాలి, ఏది పెట్టను?

పెన్నాతీరం · హైదరాబాద్

టీబీపీ, టాటా బాక్స్ (జీన్ ముందర ఉండే టీ-ఏ వరస) మీద కూర్చునేది. హెలిక్స్ చిన్న గాడిలో పట్టదన్నా కదా, అందుకే అది హెలిక్స్ వాడదు. బీటా షీట్ అనే వెడల్పాటి పలకలాంటి మడతని గాడి మీద వాల్చి, ఫినైల్‌అలనిన్‌లని బేస్‌ల మధ్యకి దూర్చి, డీఎన్ఏని దాదాపు 80 డిగ్రీలు వంచేస్తుంది. టీ-ఏ వరసలు తేలిగ్గా వంగుతాయి, వాటినే ఎంచుకోవడంలో దానికీ భాగం ఉంది. పీడీబీలో 1సీడీడబ్ల్యూ, మనిషిదే. ఫినైల్‌అలనిన్‌లకి ఒక్కటే రంగు వెయ్యి, మిగతాదంతా బూడిద రంగులో వదిలెయ్.

నిమ్మతోట_పొదలకూరు · పొదలకూరు

పోయే ముందు నాకు ఒకటి చెప్పండయ్యా. రాగి మందు కొడతాం కదా గజ్జికి. అది ఆ ప్రోటీన్‌ని ఆపుతుందా?

దర్శి_వరి · దర్శి

ఆపదు బాబాయ్. రాగి పనిచేసేది ఆకు మీద ఉన్న బాక్టీరియా మీదే. అది లోపలికి పోయి ప్రోటీన్ ఎక్కించాక ఎంత కొట్టినా ఆ మచ్చ పోదు. తెగులు పట్టేది లేత ఆకుకీ, పిందెకీ. కాబట్టి కొత్త చిగురు వచ్చేటప్పుడు, వాన పడకముందే కొట్టాలి. ఆకు తొలిచే పురుగుని కూడా వదలొద్దు, అది చేసిన గాయాల్లోంచి బాక్టీరియా ఇంకా తేలిగ్గా దూరుతుంది. గజ్జి పట్టిన కొమ్మలు ఎండాకాలంలోనే కత్తిరించి తగలబెట్టండి, చెట్టు కిందే వదిలేస్తే మళ్ళీ వానకి చిమ్ముతుంది.

నిమ్మతోట_పొదలకూరు · పొదలకూరు

మేము మచ్చలు కనిపించాక కొడుతుండాం. సరే, ఈసారి చిగురుకే కొట్టిస్తా.